నేరమూ మోపుతాం, బాధ్యతా మోపుతాం

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మాది ఖమ్మం దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. బ్రిటన్‌లో ఉద్యోగం కోసం ఓఈటీకి, అంటే వైద్యరంగంలో పనిచేసేవారికి పెట్టే ఇంగ్లీషు పరీక్షకు సిద్ధమవుతున్నాను. మొన్న ఒక మాదిరి పాఠంలో, ముగ్గురు రోగుల సంరక్షణ విషయమై ఒక నర్సును ‘చార్జ్’ చేశారని ఉంది. ఆమె మీద కేసు పెట్టారనుకున్నాను. పాఠమంతా అదే అర్థంతో చదివి నాలుగు జవాబులు తప్పు రాశాను. ఇంటికి వచ్చి నిఘంటువు తీస్తే ఆ ఒక్క మాటకు ఒకటిన్నర పేజీ అర్థాలు ఉన్నాయి. అంతకుముందు మా వార్డులోనూ ఒకటి జరిగింది. గాయం నుంచి చీము రావడం లేదని డాక్టరుగారు కేసు షీటులో ‘నో డిశ్చార్జ్’ అని రాశారు. రోగి కొడుకు అది చూసి, మా అమ్మను ఇంటికి ఎందుకు పంపరని నాతో చాలాసేపు గొడవపడ్డాడు. ఇవన్నీ బట్టీ పట్టాలా? ఇంకో సందేహం. రాత్రి డ్యూటీల్లో వార్డుకు నేనే ఇన్‌చార్జిని. దరఖాస్తులో ‘చార్జ్ నర్స్’ అని రాసుకోవచ్చా?
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, బట్టీ పట్టవద్దు. ఆ ఒకటిన్నర పేజీ మొత్తం నోటికి వచ్చినా, పరీక్ష గదిలో ఎదురైన వాక్యంలో ఏ అర్థం తీసుకోవాలో అది చెప్పదు. మీరు పల్లెలో పుట్టినవారు కాబట్టి ఈ మాటను పొలంగట్టు మీది నుంచి చూద్దాం.

గడ్డి కోసిన మనిషి మోపు కట్టాక దాన్ని ఒంటరిగా తలకెత్తుకోలేదు. గుడ్డను చుట్టగా చుట్టి తల మీద పెట్టుకుని, దారిన పోయేవారి కోసం చూస్తుంది. ఎవరో ఒకరు వచ్చి రెండో వైపు చెయ్యి వేస్తారు. మోపు తల మీద కూర్చోగానే మెడ బిగుసుకుంటుంది, నడక మారుతుంది, చూపు నేరుగా ముందుకు నిలుస్తుంది. ఇల్లు చేరాక మళ్లీ ఎవరో ఒకరు దించాలి. చార్జ్ అనే మాట పుట్టింది ఈ ఎత్తడంలోనే. డిశ్చార్జ్ పుట్టింది ఆ దించడంలోనే. తేడా ఒక్కటే, అక్కడ బరువు ఎత్తింది మనిషి తలకు కాదు, బండికి.

నేటి ఫ్రాన్స్ ప్రాంతంలో ఒకప్పుడు ఉన్న గాల్ ప్రజల బండి పేరును రోమన్లు తమ లాటిన్‌లోకి ‘కర్రుస్’గా తీసుకున్నారు. బండికి సరుకు ఎత్తడం ‘కర్రికారే’ అయింది. అది పాత ఫ్రెంచిలో ‘చార్జియర్’గా మారింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వేల సంఖ్యలో ఆ దేశంలోకి వచ్చాయి. వాటితో పాటే ఇదీ వచ్చి 13వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో స్థిరపడింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా దాని అర్థాలన్నిటి అడుగునా ఉన్నది బరువే.

మన ‘మోపు’ కూడా అచ్చంగా ఇలాంటి మాటే. నామవాచకంగా అది బరువు. క్రియగా బరువు పెట్టడం. దాన్ని మనం గడ్డికీ కట్టెలకూ మాత్రమే వాడుకోవడం లేదు. ‘అతని మీద దొంగతనం నేరం మోపారు’ అంటాం. ‘ఇంటి బాధ్యతంతా పెద్దకొడుకు మీద మోపారు’ అంటాం. ‘ప్రజల మీద కొత్త పన్నులు మోపారు’ అంటాం. నేరం, బాధ్యత, డబ్బు, మూడింటికీ ఒకే క్రియ. ఆ మూడూ ఇంగ్లీషు చార్జ్‌కు ముఖ్యమైన అర్థాలే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు, బరువు అనే ఒకే అనుభవం నుంచి ఒకే దారిలో నడిచాయి. నిఘంటువులో చార్జ్ కనిపించిన చోటల్లా మీరు ‘మోపు’ పెట్టి చదవండి. చాలాచోట్ల అర్థం దానంతటదే తెరుచుకుంటుంది.

ఇప్పుడు మిమ్మల్ని తప్పుదారి పట్టించిన వాక్యానికి వద్దాం. చార్జ్ తరువాత ‘విత్’ వస్తే, ఏదో మోపారని అర్థం. ఏం మోపారన్నది విత్ తరువాతి మాటలో ఉంటుంది. దొంగతనం, మోసం, హత్య లాంటిది ఉంటే నేరం మోపారు. సంరక్షణ, పర్యవేక్షణ, పని, బాధ్యత లాంటిది ఉంటే ఆ పని అప్పగించారు. మీ పాఠంలోని నర్సుకు ముగ్గురు రోగుల సంరక్షణ అప్పగించారు, అంతే. ఆమె మీద ఏ కేసూ లేదు. మోపినవారు ఎవరన్నది కూడా దారి చూపుతుంది. పోలీసులు, ప్రాసిక్యూటర్ అయితే నేరం. ఆసుపత్రి, కమిటీ, పై అధికారి అయితే దాదాపు ఎప్పుడూ బాధ్యతే. ఇంకో మెలిక కూడా చెబుతాను, ఇది మీకు తప్పక ఎదురవుతుంది. ఒకరి సంరక్షణలో ఉన్న మనుషులను కూడా ఇంగ్లీషులో ‘చార్జ్’ అంటారు. ఆయాకు ఆమె చూసుకునే పిల్లలు చార్జ్‌లు. ఆ నర్సుకు ఆ ముగ్గురు రోగులూ చార్జ్‌లే.

‘ఇన్ చార్జ్ ఆఫ్’, ‘ఇన్ ద చార్జ్ ఆఫ్’ అనే రెండింటి దగ్గర మంచి చదువరులు కూడా తడబడతారు. మొదటిది అధికారం వహించినవారి గురించి చెబుతుంది. రెండోది ఆ అధికారం కింద ఉన్నవారి గురించి. ‘ద’ ఒక్కటి వచ్చి చేరితే మోసేవారు, మోయబడేవారు తారుమారవుతారు. వార్డుకు మీరు ఇన్ చార్జ్. రోగులు మీ చార్జ్‌లో ఉన్నారు.

సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటల్లోనూ ఇదే బొమ్మ కనిపించడం నాకు ఎప్పటికప్పుడు సంతోషం కలిగిస్తుంది. ఆరోపణ అంటే మొదటి అర్థం ఎక్కించడం, పైన పెట్టడం. అభియోగం ఇంకా విశేషమైనది. సంస్కృతంలో ఆ ఒక్క మాటకే మీదికి దాడి చేయడం అనే అర్థమూ ఉంది, న్యాయస్థానంలో తప్పు మోపడం అనే అర్థమూ ఉంది. ఇంగ్లీషు చార్జ్‌కూ సరిగ్గా ఆ రెండూ ఉన్నాయి. ఆయుధాన్ని దాడికి సిద్ధం చేయడాన్ని చార్జ్ అనేవారు, 16వ శతాబ్దం నుంచి శత్రువు మీదికి దూసుకుపోవడాన్నీ అదే మాటతో చెప్పారు. అది మన దగ్గర పోలీసు లాఠీతో జతకట్టి లాఠీచార్జి అయింది. బ్రిటన్ వార్తల్లో మీకు లాఠీ కనిపించదు, అక్కడ దాన్ని ‘బ్యాటన్ చార్జ్’ అంటారు.

కోర్టు వార్తలు చదివేటప్పుడు ఒక్క తేడా గుర్తుంచుకోండి. దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదికను మనం చార్జిషీటు అంటున్నాం. ఆ కాగితంతోనే నేరం రుజువైనట్టు చాలామంది అనుకుంటారు. నిజానికి అభియోగాలను నమోదు చేసేది ఆ తరువాత కోర్టు. విచారణ ఆ పైన మొదలవుతుంది. విచారణకు తగిన ఆధారాలు లేవనిపిస్తే కోర్టు ఆ దశకు ముందే నిందితుడిని డిశ్చార్జ్ చేయవచ్చు. విచారణ అంతా జరిగి నిర్దోషిగా తేలడం వేరు. పత్రికల్లో ‘డిశ్చార్జి పిటిషన్’ అని చూసినప్పుడు ఎవరో ఆసుపత్రి నుంచి వస్తున్నారని మీరు పొరబడరనుకోండి, అయినా వృత్తి అలవాటు బలమైనది.

డబ్బు దగ్గర మన తెలుగు అలవాటు ఇంగ్లీషులో అడ్డం వస్తుంది. మనకు బస్సు చార్జీ, ఆటో చార్జీ, కరెంటు చార్జీ, డాక్టరు చార్జీ అన్నీ చార్జీలే. పెంచినప్పుడల్లా పత్రికలు ‘చార్జీల మోత’ అని రాస్తాయి. ఆ మోతలో చప్పుడు మోత ఉంది, బరువు మోత కూడా ఉంది. ఇంగ్లీషులో మాత్రం ప్రయాణానికి ఇచ్చేది ‘ఫేర్’. వైద్యుడు, లాయరు, కళాశాల తీసుకునేది ‘ఫీ’. దుకాణంలో వస్తువుకు ఉండేది ‘ప్రైస్’. రోడ్డు మీద కట్టేది ‘టోల్’. ఒక సేవకు, సౌకర్యానికి వసూలు చేసేది ‘చార్జ్’. మీ ఇంటి కరెంటు బిల్లు తీసి చూడండి, ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు అని వరుసగా ఉంటాయి. ఆ వాడుక ఇంగ్లీషులోనూ సరైనదే. బస్సెక్కి చార్జ్ ఎంత అని అడిగితే లండన్ డ్రైవరుకు అర్థమవుతుంది కానీ చెవికి కొత్తగా ఉంటుంది.

మీరు వెళ్లబోయే చోట ఈ అర్థానికి ఇంకా బరువుంది. 1948లో మొదలైన బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌లో, వైద్యం అందుకునే చోట డబ్బు అడగకూడదన్నది మూలసూత్రం. అయితే 1952లో మందుల చీటీకి రుసుము పెట్టారు. దాన్నే ‘ప్రిస్క్రిప్షన్ చార్జ్’ అంటారు. వేల్స్ 2007లో, స్కాట్లండ్ 2011లో దాన్ని తీసేశాయి. ఇంగ్లండులో పిల్లలకు, 60 ఏళ్లు దాటినవారికి, ఇంకా కొందరికి మినహాయింపు ఉంది, మిగిలినవారు కడుతున్నారు. ఇంటికి వెళ్లే రోగి మందులు పట్టుకుని ‘చార్జ్ ఉందా’ అని మిమ్మల్ని అడిగితే ఈ సంగతే అడుగుతున్నారు.

డిశ్చార్జ్‌కు వద్దాం. మీ ఉద్యోగంలో దాని పెత్తనం ఎక్కువ. ఓఈటీ రాత పరీక్షలో నర్సులకు సాధారణంగా వచ్చేది ఒక ఉత్తరం. రోగిని మరొకరి దగ్గరకు పంపుతూనో, డిశ్చార్జ్ చేస్తూనో రాయాలి. మొత్తం 45 నిమిషాలు, అందులో మొదటి 5 నిమిషాలు కేసు వివరాలు చదువుకోవడానికే. ఆ తొందరలో ఒకే ఉత్తరంలో ఈ మాట రెండు అర్థాల్లో దొర్లుతుంది. ఒకచోట ఇంటికి పంపడం, ఇంకొకచోట చీము.

రెండూ దించడాలే. రోగి విషయంలో ఆసుపత్రి తన మీద ఉన్న భారం దించుకుని కుటుంబానికి అప్పగిస్తోంది. గాయం విషయంలో లోపల నిండినది బయటికి పోతోంది. మీ వార్డులోని గుండెకు షాక్ ఇచ్చే యంత్రాన్నే చూడండి. అది చార్జ్ అవుతున్నంతసేపూ లోపల శక్తి నిండుతుంది. అందరూ మంచానికి దూరం జరిగాక మీట నొక్కితే ఆ శక్తి రోగి ఛాతీలోకి డిశ్చార్జ్ అవుతుంది. గోదావరికి వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు సముద్రంలోకి వదిలే నీరు దాదాపు 10 లక్షల క్యూసెక్కులు. ఇంజనీర్లు ఆ ప్రవాహాన్నీ డిశ్చార్జి అనే అంటారు. భూమిలోకి నీరు ఇంకితే రీచార్జి. ఖాళీ అయిన చోట మళ్లీ మోపు ఎత్తడం అన్నమాట. ఫోనులో డబ్బు వేయించడాన్నీ మనం రీచార్జి అంటాం, బ్రిటన్‌లో మాత్రం ‘టాప్ అప్’ అనండి.

ఆ కొడుకు మీతో గొడవపడ్డాడని బాధపడకండి. ఇంటికి ఎప్పుడు వెళ్తామా అని రోజులు లెక్కపెట్టుకునేవారి కంటికి డిశ్చార్జ్ అన్న అక్షరాలు కనిపిస్తే ఇంకో అర్థం ఎలా తోస్తుంది? తప్పు ఆ వాక్యం పొట్టితనంలో ఉంది. మీరు రాసేటప్పుడు చీము అర్థంలో డిశ్చార్జ్ అనే మాటను ఎప్పుడూ ఒంటరిగా వదలవద్దు. ‘గాయం నుంచి’ అని వెంటనే చేర్చండి. రంగు, చిక్కదనం గమనించి ఉంటే అవీ చేర్చండి. ఇంటికి పంపే అర్థంలో రాసేటప్పుడు తేదీని గానీ, ఎక్కడికి పంపుతున్నారన్నది గానీ పక్కనే పెట్టండి. రెండు మాటలు ఎక్కువైతే సమయం పోదు. పరీక్షకుడికీ, రేపు మీ ఉత్తరం అందుకునే నర్సుకూ అనుమానం ఉండదు.

విద్యుత్తు సంగతి ఇందాక ఎత్తాను కాబట్టి దాని చరిత్ర కాస్త చెబుతాను. 18వ శతాబ్దం మధ్యలో లైడెన్ జాడీ అనే గాజు పాత్రలో విద్యుత్తును నిల్వ చేయడం తెలిసింది. తుపాకిలో మందు దట్టించడాన్ని అప్పటికే చార్జ్ అనేవారు, జాడీని నింపడానికీ ఆ మాటే సరిపోయింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అలాంటి జాడీలను వరుసగా పేర్చి, ఫిరంగుల వరుసకు ఉన్న పేరును వాటికి పెట్టారు. అదే బ్యాటరీ. రోజూ దిండు పక్కన చార్జింగ్ పెట్టుకునే ఫోనులో ఇన్ని యుద్ధపు మాటలు నిద్రపోతున్నాయి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండితే అది అందించగలిగే చార్జ్ 18,000 కూలంబులు. మీరు చదివిన తెలుగు మాధ్యమం పుస్తకంలో ఈ చార్జ్ పేరు గుర్తుందా? విద్యుదావేశం. పాఠ్యపుస్తకం రాసినవారు ఇక్కడ బరువును వదిలి వేరే బొమ్మ తీసుకున్నారు. ఆవేశం అంటే లోపలికి ప్రవేశించడం, జాతరలో అమ్మవారు పూనడం లాంటిది. కంటికి కనిపించనిది ఒకటి వస్తువులో చేరి దాన్ని మార్చేయడమనే ఊహ ఎంత చక్కనిదో చూడండి. తెలుగు మాధ్యమంలో చదివానని కాస్త దిగులుగా రాశారు. ఈ మాటను ఇటు బరువుగానూ అటు పూనకంగానూ చూడగల వీలు మీకు ఆ చదువే ఇచ్చింది.

చార్జర్‌కు కూడా మూడు ముఖాలున్నాయి. ఒకటి మీ ఫోనుది. ఇంకొకటి దాడికి ఎక్కే యుద్ధాశ్వం. మూడోది వెడల్పాటి పళ్లెం, ఆహారపు బరువు మోసేది. బాప్తిస్మమిచ్చు యోహాను తలను హేరోదియ కుమార్తె పళ్లెంలో పెట్టించి ఇమ్మని అడిగిన కథ మీకు తెలిసే ఉంటుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఆ పళ్లెం చార్జరే.

ఇక బంధువుల సంగతి. ఆ పాత బండి పేరు నుంచే కారు వచ్చింది. ఓడలో వెళ్లే కార్గో వచ్చింది. మోసుకెళ్లడమనే క్యారీ వచ్చింది. కెరీర్ మొదట బండ్లు నడిచే దారి, తరువాత పందెపు బాట, ఆ తరువాత మనిషి జీవితంలో నడిచే బాట. కారికేచర్ ఇటాలియన్ నుంచి వచ్చింది. ముఖంలో ఒక ముక్కు మీదో గడ్డం మీదో అదనపు బరువు మోపి గీసిన బొమ్మ అది. కరెంటుకు మూలమైన ‘పరుగెత్తు’ అనే లాటిన్ మాట, ఈ బండి మాట, ఇంకా వెనక్కి వెళ్తే ఒకే ధాతువు బిడ్డలని చారిత్రక భాషాశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. పోలిక చూసి చార్ట్, చార్టర్, చారిటీ, చార్మ్‌లను మాత్రం ఈ కుటుంబంలో కలపవద్దు. మొదటి రెండూ కాగితం నుంచి, మూడోది ప్రియమైనది అనే మాట నుంచి, నాలుగోది పాట నుంచి వచ్చాయి.

క్యారేజీని ఎలా మరిచిపోతాం? మీరు డ్యూటీకి పట్టుకెళ్లేది అదే కదా. అడుగు గిన్నెలో అన్నం, పైన పప్పు, ఆ పైన కూర, పక్కన రెండు కడ్డీలు, పైన కొక్కెం. మూడు గిన్నెల బరువు ఒక్క పిడి మోస్తుంది. దానికి ఆ పేరు ఎంత తగిందో! కానీ బ్రిటన్‌లో క్యారేజ్ అంటే గుర్రపు బండి లేదా రైలు పెట్టె. తోటి నర్సుతో క్యారేజీ మరిచిపోయి వచ్చాననకండి, లంచ్ బాక్స్ అనండి.

చివరికి మీ దరఖాస్తు. ‘చార్జ్ నర్స్’ అని రాయవద్దు. బ్రిటన్‌లో అది ఒక హోదా. వార్డు పెద్ద స్త్రీ అయితే ‘సిస్టర్’ అనీ, పురుషుడైతే ‘చార్జ్ నర్స్’ అనీ పిలవడం అక్కడి పాత ఆనవాయితీ. మన ఆసుపత్రుల్లో ప్రతి నర్సునూ సిస్టర్ అంటారు కాబట్టి అక్కడ మిమ్మల్ని మీరు సిస్టర్‌గా పరిచయం చేసుకోవడమూ పొరపాటే అవుతుంది. ఎన్‌హెచ్‌ఎస్‌లో రిజిస్టర్డ్ నర్సుగా చేరేవారు సాధారణంగా బ్యాండ్ 5 అనే జీతపు స్థాయిలో మొదలవుతారు. సిస్టర్, చార్జ్ నర్స్ దాని పైమెట్టు. లేని హోదా రాసినట్టు కనిపిస్తే ఉన్న అనుభవం మీద కూడా అనుమానం పడుతుంది. ‘ఇన్‌చార్జి’ని ఒంటరిగా హోదాలా రాయడమూ మన దేశపు అలవాటే. మన కార్యాలయాల్లో ఇన్‌చార్జి తహసీల్దారు అంటే తాత్కాలికంగా ఆ కుర్చీలో ఉన్నవారని కూడా అర్థం వస్తుంది, అక్కడివారికి అది తెలియదు.

మీరు చేసిన పనినే చెప్పండి. హోదా దగ్గర ‘స్టాఫ్ నర్స్’ అని ఉంచి, దాని కింద, రాత్రి విధుల్లో ఎన్ని పడకల వార్డుకు ‘ఇన్ చార్జ్ ఆఫ్’గా ఉన్నారో, మీ కింద ఎందరు నర్సులు పనిచేశారో, ఎంతకాలంగా చేస్తున్నారో అంకెలతో ఒక్క వాక్యంలో రాయండి. చార్జ్ అన్న మాట అక్కడ సరైన చోట కూర్చుంటుంది. ఆ వాక్యం రాసి నాకు పంపండి, దరఖాస్తు వెళ్లేలోపు దిద్ది పంపుతాను.